ఆరని టోపీ

పదకొండూ పది. స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక నీళ్ళ సీసా, రెండు గ్లాసులు. బల్లకు ఆ వైపు వెల్డర్, ఈ వైపు జిగురక్క. గుమ్మం పక్కన కుర్చీ అంచు మీద, ఎప్పుడు లేచి దులిపెయ్యాలా అన్నట్టు, వెల్డర్ భార్య.

నాలుగింటికి కోర్టు. ఆ వేళకు మెదడు పరిశోధన కేంద్రం డైరెక్టర్ గారు వెల్డర్ మీద రాసిన రిపోర్టు జడ్జి బల్ల మీదికి చేరుతుంది. అది చేరాక ఎవరేం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

జిగురక్కకు ఆ పేరు ఆస్పత్రి పెట్టింది. ఇరవై రెండేళ్ళ పాటు ఆమె రోగుల తలలకు జిగురు రాసి, తీగలు అంటించి, మెదడు గీతలు తీసింది. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు కట్టాక కూడా పేరు వదల్లేదు. పట్టుకుంటే వదిలే రకం కాదు గనక జనం కూడా మార్చే ప్రయత్నం చెయ్యలేదు.

కేసు ఇదీ. పది రోజుల క్రితం, మంగళవారం పొద్దున, మెదడు పరిశోధన కేంద్రంలో పెద్ద ప్రొఫెసర్ గారిని ఎవరో తల మీద కొట్టి చంపారు. డెబ్బై దాటిన ఆవిడ, ఆ కేంద్రాన్ని కట్టిన మనిషి. శవం జాలీ గదిలో దొరికింది. బయటి కరెంటు సొద మిషన్లకు తగలకుండా నాలుగు వైపులా రాగి జాలీ కట్టిన గది అది. ఆ పూట ఆ గది తలుపు కీలు అతకడానికి వచ్చినవాడు ఈ వెల్డర్. పదిన్నరకు వెళ్ళిపోయానంటాడు. వెళ్ళడం చూసినవాళ్ళు లేరు. పదీ నలభైకి శవం కనపడింది.

అంతవరకైతే లాయరు చూసుకునేవాడు. కొంప ముంచింది మెదడు పరీక్ష. తెలిసిన వస్తువు కంటపడితే మెదడు రెప్పపాటులో చిన్న గంతు వేస్తుంది. తలకు తీగల టోపీ పెట్టి ఆ గంతును గీతగా పట్టుకుంటారు. ఇన్‌స్పెక్టర్ ఆరు పేపర్‌వెయిట్ల ఫొటోలు సీలు వేసిన కవర్లో పంపాడు. వాటిలో ఒకటి పచ్చ గాజుది. ప్రొఫెసర్ ఆ పొద్దున తొమ్మిదిన్నరకు దారిలో కొన్నది, ఆమెను కొట్టింది కూడా దానితోనే, వెనక నీళ్ళ తొట్టిలో దొరికింది. ఆ ఆరింటిలో ఏది అసలుదో ఇన్‌స్పెక్టర్‌కీ, చంపినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. పరీక్ష చేసే డైరెక్టర్‌కి కూడా చెప్పలేదు. వెల్డర్ మెదడు మాత్రం పచ్చదాన్ని చూసిన ప్రతిసారీ గంతు వేసిందని రిపోర్టు.

"ఆ పచ్చ పేపర్‌వెయిట్ ఎప్పుడైనా చూశావా?"

"ఆ ఫొటోలోనే చూశానక్కా. అంతకు ముందు లేదు."

"ప్రొఫెసర్‌ గారిని ఆఖరిసారి ఎక్కడ చూశావు?"

"పదిన్నరకు నేను సామాను సర్దుకుంటుంటే మెట్లెక్కుతున్నారు. చేతిలో ఏదో కాయితం. మొహం చూస్తే పోట్లాటకు వెళ్తున్నట్టుంది."

"పైన ఎవరుంటారు?"

"పైన డైరెక్టర్ గారి గది ఒక్కటే."

డైరెక్టర్ మాత్రం ఆ పొద్దున ప్రొఫెసర్ మొహమే చూడలేదని వాంగ్మూలం ఇచ్చాడు. జిగురక్క ఆ మాట మనసులో ఒక మూల పెట్టి లేచింది. "తల వంచు."

వెల్డర్ వంచాడు. ఆమె పది వేళ్ళూ జుట్టులోకి పోనిచ్చి నుదురు నుంచి మెడ దాకా తడిమింది. కుడి చెవి పైన కాసేపు ఆగి, మళ్ళీ తడిమింది.

"ఇక్కడ ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? ఆపరేషన్ లాంటిది?"

"లేదక్కా."

"ఆ తలకు ఏ దెబ్బా తగల్లేదు," అంది గుమ్మం దగ్గర్నుంచి భార్య. "తగిలుంటే ఈపాటికి బాగుపడేవాడు."

జిగురక్క నవ్వు ఆపుకుని సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. డైరెక్టర్ పోలీసులకిచ్చింది ఒకే ఒక్క పేజీ. ఆరు కడ్డీల బొమ్మ, పచ్చదాని కడ్డీ మాత్రం పొడుగ్గా. అది జల్లించిన పిండి. ఈ కట్ట జల్లించని ధాన్యం. టోపీలోని తీగలన్నీ రాసిన అసలు గీతలు, అరవై నాలుగు పేజీలు. లాయరు కోర్టు ఆర్డరు పెట్టి నిన్న సాయంత్రం తెప్పించాడు. ఈ కాలంలో వీటిని చదివేవాళ్ళు ఎవరూ లేరు, కంప్యూటరే లెక్క కట్టేస్తుంది. జిగురక్క పొద్దున్నే లేచి ఎర్ర పెన్సిలు పట్టుకుని వరసగా చదివింది. కుడి చెవి పైన తీగ దగ్గర సున్నా చుట్టింది. అక్కడ గీతలు మిగతా చోట్ల కంటే రెండింతలు ఎత్తు, ముళ్ళలా మొనదేలి ఉన్నాయి. పుర్రెకు కంత ఉన్న తలలో అలాంటి గీతలొస్తాయి. ఎముక అడ్డం లేని చోట మెదడు గట్టిగా మాట్లాడుతుంది. కానీ ఈ తలకు కంత లేదు, కొబ్బరికాయంత గట్టిగా ఉంది.

"గొంతెండిపోతోందక్కా," అని వెల్డర్ సీసా అందుకున్నాడు. సీసా మూతిని గ్లాసు అంచుకు టిక్కుమని ఆనించి, అప్పుడు నీళ్ళు వంచాడు.

జిగురక్క తన గ్లాసును రెండంగుళాలు పక్కకు జరిపి ముందుకు తోసింది. "నాక్కూడా కాస్త."

మళ్ళీ టిక్కుమంది. మళ్ళీ నీళ్ళు. ఒక్క చుక్క కింద పడలేదు.

ఆమె లేచి బల్ల చుట్టూ తిరిగి అతని ఎడమ పక్కన నిలబడింది. ఊపిరి బిగబట్టి అయిదు లెక్కపెట్టింది. వెల్డర్ ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీనే చూస్తున్నాడు. "ఎప్పుడు పోయింది?" అని ఆమె మెల్లగా అడిగితే ఉలిక్కిపడి, మొహం మొత్తం తిప్పి చూశాడు.

"ఏంటక్కా పోయింది?"

"ఎడమ కన్ను. రెండు కళ్ళూ ఉన్నవాడు గ్లాసు ఎంత దూరంలో ఉందో చూసి పోస్తాడు. నువ్వు ముట్టుకుని పోస్తున్నావు."

భార్య అప్పటికే లేచి నిలబడింది. "ఆరేళ్ళయిందక్కా! నిప్పురవ్వ పడింది. గాజుగుడ్డు పెట్టించాం. ఎంత బాగా కుదిరిందంటే మా అత్తగారు కూడా కనిపెట్టలేదు. ఒంటికన్ను వాడికి వెల్డింగ్ టార్చి ఎవడిస్తాడని ఎవరికీ చెప్పలేదు."

"నువ్వు ఊరుకోవే," అన్నాడు వెల్డర్ గొంతు తగ్గించి. "అక్కా, దండం పెడతాను, ఇది బయటికి రానివ్వకండి. కాంట్రాక్టరుకు తెలిస్తే ఆ రోజే కార్డు చింపేస్తాడు. ఇద్దరు పిల్లలు. నాకు చేతనైంది ఈ ఒక్క పనే."

జిగురక్క కట్ట తిప్పి రెండో పేజీ, పదో పేజీ, నలభయ్యో పేజీ వరసగా చూసింది. ప్రతి పేజీలోనూ నుదుటి దగ్గర రెండు తీగలు. కుడి కనుబొమ పైన ఒకటి, ఎడమ కనుబొమ పైన ఒకటి. నాలుగు సెకన్లకొకసారి రెండు గీతల్లోనూ, సరిసమానంగా, పెద్ద పెద్ద మూపురాలు. అవి రెప్పపాట్లు. వాటిని పొద్దున పట్టించుకోలేదు. కిటికీ అద్దం మీద దుమ్మును ఎవరు పట్టించుకుంటారు? ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ వేలితో లెక్కపెట్టింది.

"విను," అంది కూర్చుని. "కంటిగుడ్డు చిన్న బ్యాటరీ లాంటిది. రెప్ప పడినప్పుడల్లా దాని కరెంటు నుదుటి తీగకు తగిలి ఇంత మూపురం లేస్తుంది. గాజుగుడ్డులో కరెంటు ఉండదు. నీ ఎడమ తీగలో మూపురం రాకూడదు. ఇందులో వచ్చింది. అరవై నాలుగు పేజీల్లోనూ వచ్చింది."

"అంటే?"

"అంటే ఇది నీ తల కాదు."

వెల్డర్ భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వెల్డర్ ఒక్కడే ఇంకా కాంట్రాక్టరు దగ్గరే ఉన్నాడు. "ఈ సంగతి చెప్పకుండా నన్ను బయటపడెయ్యలేరా?" అన్నాడు.

"లేను. కానీ నేను చెప్పను. నీ ఒంట్లో సంగతి నీది. నిన్ను అడక్కుండా నీ తలలో ఏముందో చీటీ రాసి ఊరంతా పంచిపెట్టింది వాళ్ళు. నేనూ అదే పని చేస్తే వాళ్ళకూ నాకూ తేడా ఏముంది? చెప్పదలుచుకుంటే నువ్వే చెప్పు. రెండూ ముప్పావు దాకా ఆలోచించుకో."

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మీసం, ఇస్త్రీ రెండూ ఒకే మడతలో ఉన్నాయి.

"జిగురక్క గారూ, టైమైపోయింది. ఏం అంటించారు ఇవాళ?"

"అంటించడం కాదు, మీరు అంటించింది ఊడదీస్తున్నాను."

"ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకు అబద్ధమాడని సాక్షి ఒక్కడూ దొరకలేదు. ఈ మిషను దొరికింది. దానికి చుట్టాలు లేరు, లంచం తినదు, మాట మార్చదు. మీకు దాని మీద అంత కడుపుమంట దేనికండీ?"

"మిషను అబద్ధమాడదు. దాని పక్కన నిలబడ్డవాడు ఆడతాడు. కోర్టుకు వెళ్ళే దారిలో ఇతన్ని ఆ కేంద్రానికి తీసుకురండి. రెండూ ముప్పావుకు. ఇరవై నిమిషాలు చాలు."

"నేనెందుకు తీసుకురావాలి?"

"నేను ఓడిపోతే మా ఆఫీసు బోర్డు మీరే విప్పుకుపోండి. మళ్ళీ పోలీసు కేసు మొహం చూడను."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మెరిశాయి. ఆ బోర్డు మీద ఆయనకు నాలుగేళ్ళ కచ్చ. "గెలిస్తే?"

"ఒక రోజు నా దగ్గర అసిస్టెంటుగా పని చెయ్యాలి. కూర్చోమన్న చోట కూర్చోవాలి, చెయ్యమన్నది చెయ్యాలి."

"ఒప్పుకున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. బోర్డు విప్పడానికి స్క్రూడ్రైవర్ తెప్పించాలని అప్పుడే లెక్క వేసుకున్నట్టున్నాడు.

*

ఒంటిగంటన్నరకు డైరెక్టర్ ఆమెను పై గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. యాభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన, నవ్వు తయారుగా ఉంటుంది. గోడ మీద పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళతో చేతులు కలుపుతున్న ఫొటో. పదిహేను వందల మంది కార్మికులకు నిజాయితీ పరీక్ష, వచ్చే నెల నుంచి. టోపీ పెట్టించుకోనివాళ్ళకు పని ఉండదు. ప్రొఫెసర్ గారు బతికున్నప్పుడు ఈ ఒప్పందాన్ని ఆపమని మూడు ఉత్తరాలు రాసిందని వెల్డర్ లాయరు చెప్పాడు. నాలుగోది రాసిందో లేదో ఎవరికీ తెలియదు.

"మీరు కూడా మా లైన్లోనే ఉండేవారటగా," అన్నాడు డైరెక్టర్. "పాతకాలం పద్ధతి. జిగురు, దూది, పేపరు రోళ్ళు. ఇప్పుడవేం లేవమ్మా."

"అవునండీ, కాలం మారింది. మీకు ఈ మెదడు పిచ్చి ఎలా పట్టుకుందో?"

ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు డైరెక్టర్ ముందుకు వంగాడు. వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పే కథ అది. "ఏడేళ్ళప్పుడు మేడ మీంచి పడ్డాను. ఇదిగో, ఇక్కడ, కుడి చెవి పైన. అరచేతంత ఎముక తీసేశారు. ఈ పిల్లాడు బతికితే గొప్పన్నారు. బతికి, ఆ మెదడు సంగతే తేల్చి పారేశాను."

కణత పైన ఆ చోటుకు మెల్లగా వేలు ఆనించి నవ్వాడు.

జిగురక్క కప్పు కింద పెట్టింది. "ఎంత అదృష్టవంతులండీ," అంది. "పరీక్ష రోజున మీరూ ఉన్నారా?"

"పోయిన శుక్రవారమా? లేకేం. తొమ్మిదీ నలభై అయిదుకు పోలీసులు ముద్దాయిని తెచ్చారు. టోపీ పెట్టింది మా టెక్నీషియన్. నేను మిషను దగ్గర కూర్చున్నాను."

"ఫొటోల కవరు?"

"ముందు రోజు సాయంత్రం వచ్చింది. ముద్దాయి కుర్చీలో కూర్చున్నాకే సీలు తీశాను. ఏది అసలుదో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. ఆ నియమం మా ప్రొఫెసర్‌ గారిదే, పాపం."

పాపం అన్నప్పుడు కూడా అతని మాట మెత్తగానే ఉంది.

*

జాలీ గది కింద ఉంది. టెక్నీషియన్ తలుపు తెరిచింది. నలభై దాటిన మనిషి, పన్నెండేళ్ళుగా ఇక్కడే, పని నేర్పింది ప్రొఫెసర్‌ గారే. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి గానీ చేతులు మాత్రం పని ఆపలేదు. ఒక టోపీని సబ్బునీళ్ళలో ముంచి, పళ్ళు తోముకునే బ్రష్షుతో ఒక్కొక్క తీగ మొన శుభ్రం చేస్తోంది. అది చూడగానే జిగురక్కకు పుట్టిల్లు గుర్తొచ్చినట్టయింది. చీర కొంగు దోపి పక్కన నిలబడి రెండో బ్రష్షు అందుకుంది.

"ఆరడానికి ఎంతసేపు?"

"మూడు గంటలండీ. వేడిగాలి పట్టిస్తే తీగ మొనలు పాడైపోతాయి. వీటి మీదే పెట్టాలి." గోడ వారగా వరసలో నాలుగు చెక్క తలలు. ముక్కూ మొహం లేనివి, టోపీలు ఆరేసుకోవడానికి.

"పోయిన శుక్రవారం ఎన్ని టోపీలు కడిగారు?"

"ఒకటే. ఆ రోజు ఒకడేగా మనిషి."

"ఎన్ని ఆరేసి ఉన్నాయి?"

టెక్నీషియన్ చెయ్యి ఆగింది. "రెండు," అంది నెమ్మదిగా. "నేను తొమ్మిదిన్నరకు వచ్చేసరికే చివరి తల మీద ఒక టోపీ ఉంది. నీళ్ళు కారుతున్నాయి, కింద మడుగు కట్టింది. తుడిచాను కూడా. సార్ ఎవరికైనా చూపించి ఉంటారనుకున్నాను."

"సార్ ఎన్నింటికి వస్తారు?"

"ఎనిమిదింటికే. తొమ్మిదిన్నర దాకా ఆయనొక్కరే ఉంటారు."

"ముద్దాయికి టోపీ పెట్టినప్పుడు ఇబ్బందేమైనా వచ్చిందా?"

"అది అడక్కండి, వారం రోజులుగా అదే తొలిచేస్తోంది!" అని ఆమె సొరుగులోంచి రిపేర్ల పుస్తకం లాగింది. బాగుచేసిన ప్రతి తీగనూ అందులో రాయడం ప్రొఫెసర్‌ గారు నేర్పిన అలవాటు. ఆమె పోయినా ఆ అలవాటు పోలేదు. జిగురక్క చదివింది.

శుక్రవారం. ఎడమ నుదుటి తీగ పని చెయ్యడం లేదు. రెప్పపాట్లు పడడం లేదు. రెండుసార్లు తీగ మార్చాను. ఫలితం లేదు. సార్‌కు చెప్పాను.

శనివారం. అదే తీగ నా తలకు పెట్టి చూశాను. బాగానే ఉంది. కారణం తెలియలేదు.

"సార్ ఏమన్నారు?"

"వదిలెయ్, నేను చూసుకుంటానన్నారు."

జిగురక్క ఆ పుస్తకాన్ని గుండెలకు హత్తుకుంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి రిపేర్ల పుస్తకాలు ఎన్ని రాసి ఉంటుంది! పెద్దవాళ్ళెవరూ ఒక్కసారి తిరగెయ్యలేదు.

"తీగ చెడలేదు తల్లీ," అంది. "మీరు పని సరిగ్గానే చేశారు. ఇంకొకటి చెప్పండి. పైన కంప్యూటర్‌లో ఉన్న ఫైలు కాక, ఇంకెక్కడైనా కాపీ ఉంటుందా?"

"ఈ పెట్టెలో ఒకటి ఉండిపోతుంది," అని ఆమె మిషను కింద ఉన్న ఇనప పెట్టె చూపించింది. "నెలాఖరున నేనే ఖాళీ చేస్తాను. సార్‌కి దాని సంగతి గుర్తుందో లేదో."

నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయి.

*

రెండూ నలభై ఏడుకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు, మధ్యలో చేతులకు బేడీలతో వెల్డర్, వాళ్ళ వెనకాల ఎవరు ఆపినా ఆగనని ప్రతిజ్ఞ చేసినట్టు భార్య. డైరెక్టర్ కూడా మెట్లు దిగి వచ్చాడు. జాలీ గది ఇరుకైపోయింది.

"ఇరవై నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటూ. "స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంది."

జిగురక్క వెల్డర్‌ వైపు చూసింది. వెల్డర్ నేల చూపులు చూశాడు. భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇతను ఇప్పుడు నోరు తెరవకపోతే చేతిలో ఉన్నదంతా బూడిదలో పోసిన పన్నీరే.

వెల్డర్ ముందుకు వచ్చాడు. ఎడమ కన్ను దగ్గర రెండు వేళ్ళు పెట్టి, కింది రెప్ప లాగి, గాజుగుడ్డును బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. అది దొర్లి, రిపేర్ల పుస్తకానికి తగిలి ఆగింది.

"ఆరేళ్ళ నుంచి నాకు కన్ను ఒక్కటేనండీ," అన్నాడు. "రాసుకోండి. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి."

ఒక కానిస్టేబుల్ వెనక్కి తూలాడు. ఇన్‌స్పెక్టర్ గుడ్డునూ, మనిషినీ మార్చి మార్చి చూశాడు. జిగురక్క గీతల కట్ట విప్పింది. ఇక ఆమె నోటికి పట్టపగ్గాలు లేవు.

"ఇదీ మీరు కోర్టుకిచ్చే తల. రెండు నుదుటి తీగల్లోనూ రెప్పపాట్లు. లేని కన్ను రెప్పపాటు ఎలా రాసింది? ఇది రిపేర్ల పుస్తకం. ఎడమ తీగలో రెప్పపాటు పడలేదని ఆ రోజే, ఆ పూటే, ఈవిడ స్వయంగా రాసింది. తీగ చెడిందనుకుంది పాపం. పుస్తకంలో ఉన్న తల ఇతనిది. కట్టలో ఉన్న తల ఇంకొకరిది."

"ఫైళ్ళు తారుమారై ఉంటాయి," అన్నాడు డైరెక్టర్ వెంటనే. "పొరపాటు. మళ్ళీ పరీక్ష చేద్దాం."

"తారుమారవడానికి ఆ పొద్దున ఇంకో మనిషే లేడు. తొమ్మిదిన్నరకే నీళ్ళు కారుతున్న టోపీ మాత్రం ఉంది. ఫైలు మీద టైము మార్చడం మీకు చేతనయింది డైరెక్టర్ గారూ, తడి టోపీని ఆరబెట్టడం చేతకాలేదు."

"ఒక్క నిమిషం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో వెటకారం పోయింది. "ఎవరి తలైనా కానివ్వండి, ఆ తల పచ్చదాన్నే గుర్తుపట్టింది. ఏది అసలుదో నాకు తప్ప ఎవరికీ..."

వాక్యం సగంలో ఆగిపోయింది.

"ఊఁ, పూర్తి చెయ్యండి," అంది జిగురక్క. "మీకూ, చంపినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఈ వెల్డర్‌కు పరీక్ష చేస్తే గీత చదునుగా వస్తుందని ఆ పెద్దమనిషికి తెలుసు. గంతు వేసే గీత కావాలి. దానికి పచ్చదాన్ని ఎరిగిన మెదడు కావాలి. ఊళ్ళో అలాంటి మెదడు ఒక్కటే ఉంది, అది తన భుజాల మీదే ఉంది. సీలు ముందే తీసి, టోపీ తనే పెట్టుకుని, ఫొటోలు తనే చూసుకున్నాడు. సాక్ష్యం తయారు చేద్దామని కూర్చుని ఒప్పుకోలు రాసిచ్చాడు."

"ఇదంతా కట్టుకథ!" డైరెక్టర్ గొంతు మొదటిసారి గరుకుగా వచ్చింది. "రెప్పపాట్లు అందరికీ వస్తాయి. అది నా తలేనని ఏమిటి రుజువు?"

"నేను మీదన్నానా? పెద్దమనిషి అన్నాను." ఆమె ఎర్ర సున్నా చుట్టిన పేజీ బల్ల మీద పరిచింది. "కుడి చెవి పైన చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. ముళ్ళ కంచెలా లేచాయే, ఆ గీతలు. పుర్రెకు కంత ఉంటేనే అలా వస్తాయి. వెల్డర్ తల తడిమాను, లేదు. మీ టోపీ తియ్యండి, మీదీ చూస్తాను."

ఇన్‌స్పెక్టర్ ఏమనుకున్నాడో, నిజంగానే టోపీ తీసి బట్టతల వంచాడు. ఆమె తడిమి, "గట్టి తల. మీరు కాదు," అంది. కానిస్టేబుళ్ళు గోడ వైపు తిరిగి నవ్వుకున్నారు.

తర్వాత అందరూ డైరెక్టర్‌నే చూశారు. అతని చెయ్యి తెలియకుండానే కుడి కణత మీదికి వెళ్ళింది. మధ్యలో గుర్తొచ్చి దించేశాడు.

జిగురక్క ఆరిన టోపీ ఒకటి చెక్క తల మీంచి తీసి అతని ముందుకు చాపింది. "రెండే నిమిషాలు. ఫొటోలు చూపించను, ప్రశ్నలు అడగను. ఊరికే కళ్ళు మూసుకుని కూర్చోండి. మీ తల కాకపోతే ఇప్పుడే తేలిపోతుంది, నేను బోర్డు విప్పేస్తాను."

డైరెక్టర్ రెండడుగులు వెనక్కి వేశాడు. వీపు రాగి జాలీకి తగిలింది.

"ముట్టుకోవద్దు! నేను ఒప్పుకోకుండా నా మెదడు చూసే హక్కు ఎవరికీ లేదు. పోలీసులకు లేదు, కోర్టుకు కూడా లేదు!"

టెక్నీషియన్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "మేడమ్ చెప్పింది అదే కదా సార్," అంది. "మూడు ఉత్తరాల్లోనూ అదే రాశారు. ఆ రోజు మేడమ్ చేతిలో ఉందని ఈ అక్క చెప్పిన కాయితంలోనూ అదే ఉండి ఉంటుంది."

జిగురక్క టోపీని తిరిగి చెక్క తల మీద పెట్టింది. "ఆయన మాట నిజం ఇన్‌స్పెక్టర్ గారూ. వద్దంటే వద్దే. పెట్టకూడదు. మనకు అక్కర్లేదు కూడా. రిపేర్ల పుస్తకం ఉంది, రెండో టోపీ చూసిన మనిషి ఉంది, ప్రొఫెసర్‌ మొహమే చూడలేదన్న ఆయన వాంగ్మూలం ఉంది, పైకెళ్ళడం చూసిన వెల్డర్ ఉన్నాడు. ఆయన ఏ ఆస్పత్రిలో తల కోయించుకున్నాడో ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. ఇక ఈ పెట్టె ఒకటి."

టెక్నీషియన్ ఇనప పెట్టెకు తీగ కలిపి తెర వెలిగించింది. శుక్రవారం పేరుతో రెండు రికార్డులు కనిపించాయి. మొదటిది ఎనిమిదీ ఇరవైకి. రెండోది తొమ్మిదీ యాభై ఎనిమిదికి. డైరెక్టర్ జాలీ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "ఈ గది దాకా వెంటపడి కాయితం చింపెయ్యమని బతిమాలాను," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "వినలేదు."

ఇన్‌స్పెక్టర్ వెల్డర్ చేతులకున్న బేడీలు తనే విప్పాడు. వాటినే డైరెక్టర్‌కు వేశాడు.

వెల్డర్ తెర దగ్గరికి వచ్చి రెండో రికార్డు వైపు మొహం తిప్పి చూశాడు. ఆరు ఫొటోలకూ ఆరు గీతలు, అన్నీ ఒకే ఎత్తు, నీటిమట్టం పెట్టి సరిచూసినట్టు చదును.

"ఇది నా మెదడేనా అక్కా?"

"నీదే."

"ఏమంటోంది?"

"నీకేం తెలియదంటోంది."

"ఆ ముక్క పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చెబుతూనే ఉన్నాను," అంది భార్య. అని భర్త భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. మధ్యలో తలెత్తి, బల్ల మీది గాజుగుడ్డును కొంగుతో తుడిచి ఇవ్వబోయింది.

"ఉండనివ్వు," అన్నాడు వెల్డర్. "కోర్టుకు ఇలాగే వస్తాను."

"కాంట్రాక్టరు?" అంది ఆమె.

"ఆరేళ్ళుగా నేను అతికిన అతుకు ఒక్కటైనా ఊడిందేమో అడుగుతాను. ఈ తలుపు కీలు కూడా చూపిస్తాను."

ఇన్‌స్పెక్టర్ వెళ్ళి ఆ తలుపును ముందుకూ వెనక్కూ ఆడించాడు. కిర్రుమని కూడా అనలేదు. "కాంట్రాక్టరుతో నేను మాట్లాడతాను," అన్నాడు.

మూడూ పన్నెండు. కోర్టు నడిచి వెళ్ళేంత దూరమే. కానిస్టేబుళ్ళు డైరెక్టర్‌ను లేవదీశారు. వెల్డర్, భార్య చేతులు పట్టుకుని ముందు నడిచారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం గుమ్మంలో ఆగిపోయాడు. స్క్రూడ్రైవర్ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి టెక్నీషియన్‌ను అడిగాడు. "ఈ మిషను మీద ఇప్పటిదాకా ఎంతమందికి రిపోర్టులు వెళ్ళాయి?"

"నలభై ఒక్కరికండీ. గీతలన్నీ దాచే ఉన్నాయి. ఎవరూ ఎప్పుడూ అడగలేదు."

"అందులో తొమ్మిది మంది నేను పంపినవాళ్ళు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇద్దరు ఇంకా లోపలే ఉన్నారు. ఒకడికి పదేళ్ళు పడింది. నేను చెయ్యలేదు సార్ అని కాళ్ళ మీద పడ్డాడు. మిషను అబద్ధమాడదురా అన్నాను."

జిగురక్క సంచిలోంచి తన ఎర్ర పెన్సిలు తీసి అతని చేతిలో పెట్టింది.

"కోర్టు పని చూసుకుని అయిదింటికల్లా ఇక్కడికి రండి. పందెం గుర్తుందిగా, కూర్చోమన్న చోట కూర్చోవాలి. ముందు రెప్పపాట్లు గుర్తుపట్టడం నేర్పిస్తాను."

"ఇవాళే దేనికండీ, రేపు," అనబోయి ఆయన తనను తానే సరిదిద్దుకున్నాడు. "అయిదింటికి కాదు. నాలుగున్నరకే వచ్చేస్తాను. ఆ పదేళ్ళు పడ్డవాడి ఫైలు ముందు తియ్యమనండి."